వాసన పోతే గండం గడిచినట్టేనా?

సంక్రాంతి వెళ్లాక చోడవరం నుంచి ఏ ఊరి దారి పట్టినా బెల్లం వండుతున్న వాసన ఎదురొస్తుంది. గోవాడ షుగర్ ఫ్యాక్టరీ పక్కగా వెళ్తే ఇంకో వాసన, మొలాసిస్‌ది. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ల ముక్కుకి ఇవి ఆనవు. కరోనా రోజుల్లో, 2020లో, 2021లో మాత్రం అందరూ పనిగట్టుకుని కర్పూరం బిళ్ల, ఇంగువ డబ్బా, కాఫీపొడి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నారు. వాసన తగిలితే హమ్మయ్య, తగలకపోతే గుండెల్లో రాయి పడేది. ఆ భయం న్యాయమైనదేనా? వాసన పోయినవాళ్లకి జబ్బు ముదిరిందా, తేలిగ్గా పోయిందా? లెక్కలు తీసిన వైద్యులకి దొరికిన జవాబు మనం భయపడినదానికి ఎదురు. దానికో మెలిక కూడా ఉంది. అక్కడికి వెళ్లేలోగా ముక్కు సంగతులు కొన్ని.

(కరోనా వచ్చేనాటికి చోడవరం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లా.)

బెల్లం వండేవాడి ముక్కు

పెనంలో చెరకు రసం మరిగేటప్పుడు పైకి తేలిన మడ్డిని ఎప్పటికప్పుడు తీసేస్తూ ఉంటారు. మొదట వచ్చేది పచ్చి రసం వాసన. నీరు ఇగిరి, నురగ రంగు మారేసరికి ఆ పచ్చివాసన పోయి కమ్మటి పాకం వాసన లేస్తుంది. ఇంకాస్త ఏమరితే మాడు వాసన. బెల్లం నల్లబడుతుంది, ధర పడిపోతుంది. చన్నీళ్లలో పాకం చుక్క వేసి వేళ్లతో ఉండ కట్టి చూడటం చివరి పరీక్ష. చెయ్యి తిరిగినవాడికి అంతకుముందే ముక్కు చెప్పేస్తుంది. అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం 1913 నుంచీ ఉంది, థర్మామీటర్లూ వచ్చాయి. అయినా పెనం దగ్గర పొగలో నిలబడ్డ మనిషి ముందుగా నమ్మేది తన ముక్కునే. జలుబు చేసిన రోజున పాకం దించే పని పక్కవాడికి అప్పగించడం మంచిది.

అసలు ముక్కు లోపలుంది

వాసన పట్టేది బయటికి కనిపించే ముక్కు కాదు. రెండు కళ్ల మధ్య, ముక్కు లోపలి కప్పు దగ్గర కొద్ది చదరపు సెంటీమీటర్ల పొర ఉంటుంది. అందులోని నాడీకణాలే ఆ పని చేస్తాయి. మనిషిలో పనిచేసే వాసన గ్రాహకాలు సుమారు 400 రకాలు. లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో ఈ గ్రాహకాల జన్యువులను కనిపెట్టారు. 2004లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఈ నాడీకణాలకి ఒక అదృష్టం ఉంది. పాతవి చచ్చిపోతుంటే కింది మూలకణాల నుంచి కొత్తవి పుడుతూనే ఉంటాయి. శరీరంలో మిగతా నాడీకణాల్లో ఎక్కువవాటికి ఈ వరం లేదు. పోయిన వాసన చాలామందికి తిరిగి రావడానికి ఆధారం ఇదే.

ముక్కు మూసుకుని బెల్లం తినండి

చిన్న బెల్లం ముక్క తీసుకోండి. ముక్కు గట్టిగా మూసుకుని నోట్లో వేసుకోండి. తీపి తెలుస్తుంది, అంతే. చప్పరిస్తూ ముక్కు వదలండి, అప్పుడు బెల్లమని తెలుస్తుంది. నాలుక తనంతట తాను పట్టేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి అనే ఐదే. మిగతాదంతా గొంతు వెనక దారిలో ముక్కుకి చేరే వాసన. కరోనాలో ‘రుచి పోయింది’ అన్నవాళ్లలో చాలామందికి పోయింది ముందు వాసనే. కొందరికి నాలుక రుచులు కూడా నిజంగానే పోయాయి.

కారం సంగతి వేరు. మిరపకాయ మంట, ఆవ ఘాటు, పిప్పరమెంటు చల్లదనం తెలిపేది ముఖంలోని ఇంకో నాడి. అందుకే వాసన మొత్తం పోయినా ఆవకాయ కళ్లలో నీళ్లు తెప్పించగలదు. కరోనా కొంతమందిలో ఆ మంటని కూడా మందగించేలా చేసింది.

దిబ్బడ లేదు, వాసనా లేదు

జలుబుకి వాసన పోవడం కొత్త కాదు. ముక్కు దిబ్బడేసి గాలి పైదాకా వెళ్లక పోతుంది, దిబ్బడ వదిలితే వస్తుంది. ఫ్లూ, జలుబు వైరస్‌లు తగ్గిపోయాక కూడా కొందరికి నెలల తరబడి వాసన రాకపోవడం ఈఎన్‌టీ వైద్యులకి 2020కి ముందే తెలుసు. వాళ్లని కరోనా ఆశ్చర్యపరిచింది ఇంకో విషయంలో: ముక్కు శుభ్రంగా ఉంది, గాలి హాయిగా ఆడుతోంది, కానీ వాసన ఉన్నట్టుండి మాయం.

జర్మనీలో తొలినాటి కేసులు పరిశీలించిన వైరాలజిస్టు హెండ్రిక్ స్ట్రీక్ 2020 మార్చిలో ఒక తల్లి సంగతి చెప్పాడు. ఆమెకి బిడ్డ డైపర్ నిండినా తెలియలేదట. ప్రపంచం చెవినబడేలా చేసింది ఇలాంటి కబుర్లే.

ఏ దేశం ఎప్పుడు ఒప్పుకుంది?

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసు 2020 మార్చి 12న నెల్లూరులో తేలింది, ఇటలీ నుంచి వచ్చిన యువకుడికి. అదే నెలలో బ్రిటన్ ఈఎన్‌టీ వైద్యుల సంఘం (ఈఎన్‌టీ యూకే) అధ్యక్షుడు నిర్మల్ కుమార్, బ్రిటిష్ రైనాలజీ సొసైటీ అధ్యక్షురాలు క్లెయిర్ హాప్కిన్స్ కలిసి ఒక ప్రకటన చేశారు: ఇంకే లక్షణం లేకుండా వాసన పోయినవాళ్లని కూడా అనుమానించండి, విడిగా ఉంచండి అని. బ్రిటన్ ప్రభుత్వం దాన్ని అధికారిక లక్షణాల జాబితాలో చేర్చడానికి మే 18 దాకా పట్టింది. మన కేంద్ర ఆరోగ్యశాఖ జూన్ 13న చేర్చింది. ఆ మూడు నెలల్లో వాసన మాత్రమే పోయిన ఎంతమంది ‘జ్వరం లేదు కదా’ అని ఊరంతా తిరిగారో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఊహాన్‌లో 5, శాన్‌డియాగోలో 67

ఇప్పుడు అసలు ప్రశ్న. 2020 ఏప్రిల్‌లో ఊహాన్ నుంచి ఒక పరిశోధన పత్రం వచ్చింది. ఆసుపత్రిలో చేరిన 214 మందిలో వాసన తగ్గిందన్నవాళ్లు నూటికి 5 మందే. అదే నెలలో అమెరికాలోని శాన్‌డియాగో నుంచి కేరల్ యాన్ బృందం ఇంకో లెక్క ఇచ్చింది. ఇంట్లోనే ఉండి తగ్గించుకున్నవాళ్లలో నూటికి 67 మంది వాసన పోయిందన్నారు. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లలో 27 మందే అన్నారు. మిగతా తేడాలన్నీ సర్ది చూసినా, వాసన పోయినవాళ్లు ఆసుపత్రి పాలయ్యే అవకాశం పది రెట్లు తక్కువ అని ఆ బృందం తేల్చింది.

2021 జనవరిలో ఐరోపా నుంచి వచ్చిన లెక్క ఇంకా పెద్దది. 18 ఆసుపత్రులు, 2,581 మంది. తేలిక జబ్బువాళ్లలో నూటికి 86 మంది వాసన దెబ్బతిందన్నారు. మధ్యస్థంగా ఉన్నవాళ్లలో 4.5 మంది, విషమించినవాళ్లలో 7 మంది. చూడగానే వాసన పోవడం శుభసూచకం అనిపిస్తుంది. మన ఊళ్లలో కూడా ఆ మాట త్వరగానే పాకింది: ‘వాసన పోయిందా, అయితే భయం లేదులే, ముక్కులోనే ఆగిపోయింది.’

అడిగితే ఒకటి, పరీక్షిస్తే ఒకటి

మెలిక ఇక్కడుంది. పైలెక్కలన్నీ రోగి నోటి మాట. టెహ్రాన్‌లో ఒక బృందం ఆసుపత్రిలో ఉన్న 60 మందిని అడిగి వదిలెయ్యలేదు. గీకితే వాసన వచ్చే 40 బిళ్లలున్న పుస్తకం చేతికిచ్చి పరీక్ష పెట్టింది. 60 మందిలో 59 మందికి వాసన శక్తి ఎంతో కొంత దెబ్బతింది. ఆ విషయం తమకి తెలుసన్నవాళ్లు మాత్రం మూడోవంతు.

ఐరోపా లెక్కలో కూడా పరీక్ష పెట్టినవాళ్లని విడిగా చూస్తే తేలిక జబ్బువాళ్లలో నూటికి 55 మందికి, అంతకన్నా ముదిరినవాళ్లలో 37 మందికి లోపం కనిపించింది. తేడా ఉంది గానీ 86కీ 7కీ ఉన్నంత లేదు. ఊపిరాడక ఆక్సిజన్ మాస్కు కింద పడుకున్న మనిషి ఇంగువ వాసన వస్తోందా లేదా అని చూసుకోడు. ఆ వార్డులో అడిగే తీరికా ఎవరికీ ఉండదు. ఇంట్లో ఒక గదిలో పద్నాలుగు రోజులు ఖాళీగా కూర్చున్నవాడికి మాత్రం కాఫీ వాసన రాకపోవడమే పెద్ద వార్త.

వయసు ఇంకో చిక్కు. వాసన పోయిందని ఎక్కువగా చెప్పింది కుర్రకారు, ఆడవాళ్లు. జబ్బు ఎక్కువగా విషమించింది పెద్దవాళ్లకి, మగవాళ్లకి. పెద్దవాళ్లకి వయసుతో పాటు వాసన ఎలాగూ మందగించి ఉంటుంది, కొత్తగా తగ్గింది పెద్దగా తెలియదు. వీటన్నిటినీ తీసేసినా మిగిలే తేడాకి కొందరు వైద్యులు చెప్పే కారణం ఇది: ముక్కులోనే రోగనిరోధక శక్తి గట్టిగా తిరగబడితే పైపొర దెబ్బతిని వాసన పోతుంది, వైరస్ మాత్రం ఊపిరితిత్తుల దాకా జోరుగా దిగదు. ఊహ బాగుంది. రుజువు ఇంకా పూర్తి కాలేదు.

నా లెక్కలో ఆ ‘భయం లేదులే’ అన్న మాట సగం నిజం. వెయ్యి మందిని కలిపి చూస్తే నిలబడుతుంది. ఇంట్లో మంచం మీదున్న ఒక్క మనిషికి హామీ ఇవ్వదు. వాసన పోయి కూడా అయిదో రోజునో ఏడో రోజునో ఆక్సిజన్ పడిపోయినవాళ్లున్నారు.

ఒమిక్రాన్ తిరగేసిన సూత్రం

వాసన పోతే తేలిక జబ్బు, పోకపోతే గట్టి జబ్బు అనే సూత్రం నిజమైతే ఆ తర్వాత వచ్చిన ఒమిక్రాన్ రకం భయంకరంగా ఉండాలి. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు ఒక యాప్ ద్వారా పోల్చి చూస్తే డెల్టా రోజుల్లో నూటికి 53 మందికి వాసన పోయింది, ఒమిక్రాన్‌కి 17 మందికే. జబ్బు మాత్రం ఒమిక్రాన్‌దే తేలిక. ఒక రకం వైరస్‌కి కుదిరిన లెక్క ఇంకో రకానికి కుదరలేదు.

కణం బతికే ఉంది, పని మానేసింది

వాసన పోయిందంటే నాడీకణాలు చచ్చాయనే మొదట అనుకున్నారు. హార్వర్డ్‌లో సందీప్ రాబర్ట్ దత్తా బృందం 2020లో వేరే సంగతి చూపింది. వైరస్ లోపలికి దూరడానికి కావలసిన తలుపులు నాడీకణాల మీద లేవు, పక్కనే వాటికి ఆసరాగా ఉండే కణాల మీద ఉన్నాయి. దెబ్బ తగిలేది ఆసరా కణాలకి, పని ఆగేది నాడీకణాలకి. ఆ తర్వాత 2022లో న్యూయార్క్ పరిశోధకులు హామ్‌స్టర్లలోనూ, చనిపోయినవాళ్ల కణజాలంలోనూ ఇంకో విషయం చూశారు. చుట్టుపక్కల గొడవకి నాడీకణాలు తమ గ్రాహకాల జన్యువులనే ఆపేసుకుంటున్నాయి. నెలల తరబడి వాసన రానివాళ్ల ముక్కు పొరలో రోగనిరోధక కణాలు ఇంకా తిష్ఠ వేసే ఉన్నాయని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం బృందం అదే సంవత్సరం తేల్చింది.

జన్యువుల పాత్ర కూడా కొంత ఉంది. నాలుగో క్రోమోజోమ్ మీద వాసన అణువులను ముక్కులో శుభ్రం చేసే రెండు జన్యువుల దగ్గర ఒక తేడా ఉన్నవాళ్లకి వాసన పోయే అవకాశం 11 శాతం ఎక్కువ.

మనిషి ముక్కు ఓడితే కుక్క ముక్కు గెలిచింది

2020 సెప్టెంబర్‌లో హెల్సింకీ విమానాశ్రయంలో కరోనాని వాసన చూసి పట్టే కుక్కల్ని పెట్టారు. 2021 ఫిబ్రవరిలో మన సైన్యం ఢిల్లీలో ఇలాంటి కుక్కలనే ప్రదర్శించింది. వాటిలో మణి అనే కుక్క తమిళనాడు చిప్పిపారై జాతిది.

ఎప్పటికి వస్తుంది?

18 పరిశోధనలను కలిపి 2022లో వేసిన అంచనా ప్రకారం నెల తిరిగేసరికి నూటికి 74 మందికి, ఆరు నెలలకి 96 మందికి వాసన తిరిగొచ్చింది. వాసన దీర్ఘకాలం సరిగా రాకుండా ఉండిపోయేవాళ్లు నూటికి ఐదారుగురని అదే పరిశోధన వేరేగా వేసిన అంచనా. చిన్న సంఖ్యే అనిపిస్తుంది గానీ, జబ్బు పడినవాళ్లు కోట్లలో ఉంటే ఆ ఐదారుగురు లక్షలవుతారు. ఆడవాళ్లకి తిరిగి వచ్చే అవకాశం కొంచెం తక్కువ.

వచ్చేటప్పుడు కూడా సజావుగా రాదు. కొన్నాళ్లు కాఫీ కుళ్లుకంపు కొడుతుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి, గుడ్డు, వేయించిన మాంసం దగ్గరికి వెళ్లలేరు. టూత్‌పేస్టు కూడా వాంతి తెప్పిస్తుంది. ఇంగ్లండ్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయంలో జేన్ పార్కర్ కాఫీలోని అణువులను ఒక్కొక్కటిగా విడదీసి రోగులకి చూపించి, గంధకం ఉన్న ఒక అణువు ముఖ్య దోషి అని పట్టుకుంది. విచిత్రం, మామూలు ముక్కుకి కమ్మటి కాఫీ వాసన అనిపించేది ఆ అణువు వల్లే. తిండి ముందు కూర్చుని మొహం తిప్పుకునే మనిషిని చూసి ‘వేషాలు’ అనకండి. ముక్కు బాగుపడుతున్న దశలో చాలామందికి ఇలా అవుతుంది.

నాలుగు సీసాలు

జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ 2009లో ఒక సులువైన పద్ధతి ప్రకటించాడు. గులాబీ, నీలగిరి తైలం, నిమ్మ, లవంగం, ఈ నాలుగు వాసనలు. రోజుకి రెండుసార్లు, ఒక్కోటి కొద్ది సెకన్లు, 12 వారాలు. గట్టిగా పీల్చనక్కర్లేదు, మనసు పెట్టి చూడాలి. నాలుగూ చోడవరం బజారులో దొరికేవే. మూత ఉన్న చిన్న సీసాలు నాలుగు తీసుకుని, వాటి మీద పేర్లు రాసి, లోపల దూదికి రెండు చుక్కల తైలం వేసుకుంటే సరిపోతుంది. లవంగాలైతే దంచి వేసుకోవచ్చు. మొదటి రోజుల్లో ఏమీ తెలియదు. అక్కడే చాలామంది విసిగి మానేస్తారు. ఫలితం అందరికీ ఒకేలా రాదు గానీ, హాని లేని పద్ధతి కనక వైద్యులు దీన్నే ముందు చెబుతున్నారు. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా కొని మింగడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

ముక్కులో పోసుకున్నవి

1937లో కెనడాలోని టొరంటోలో పోలియో రాకుండా వేలమంది పిల్లల ముక్కుల్లో జింక్ సల్ఫేట్ మందు కొట్టారు. పోలియో ఆగలేదు. కొందరు పిల్లలకి వాసన శాశ్వతంగా పోయింది. 2021 వేసవిలో మన ఫోన్లలో ముక్కులో నిమ్మరసం చుక్కలు వేసుకోమన్న వీడియోలు తిరిగాయి. అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం చెప్పాల్సి వచ్చింది. పగలంతా పసుపు నీళ్ల ఆవిరి పట్టినవాళ్లూ ఉన్నారు. ఆవిరి దిబ్బడకి కాస్త హాయి, వైరస్‌ని చంపదు.

నల్ల ఫంగస్ రోజులు

అదే 2021 మే నెలలో వాసనతో పాటు ఇంకో భయం ముక్కులోకొచ్చింది. షుగర్ అదుపులో లేక, పైగా స్టెరాయిడ్లు వాడినవాళ్లకి బ్లాక్ ఫంగస్. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. ముక్కు నుంచి నల్లటి, రక్తం కలిసిన స్రావం, ముఖం ఒకవైపు నొప్పి వాపు, పళ్లు కదలడం, చూపు మసకబారడం దాని గుర్తులు. ఇవి కనిపిస్తే సీసాల సాధన కాదు, గంటల్లో ఆసుపత్రి.

పెద్దవాళ్ల ముక్కు

వైరస్‌తో పని లేకుండా కూడా ముక్కు కొన్ని విషయాలు ముందే చెబుతుంది. అమెరికాలో 57 నుంచి 85 ఏళ్ల వయసున్న 3,005 మందికి గులాబీ, తోలు, చేప, నారింజ, పిప్పరమెంటు వాసనలతో పరీక్ష పెట్టారు. ఐదేళ్ల తర్వాత చూస్తే వాసన అసలే తెలియనివాళ్లలో నూటికి 39 మంది చనిపోయారు. బాగా తెలిసినవాళ్లలో 10 మంది. జయంత్ పింటో బృందం 2014లో ఈ లెక్క ప్రచురించింది. వాసన పోవడం చావుకి కారణమని కాదు, శరీరంలో ఎక్కడో అరుగుదల మొదలైందనడానికి అది గుర్తు కావచ్చునని వాళ్లు చెప్పారు.

గ్యాస్‌కి సొంత వాసన లేదు

వంటగ్యాస్‌కి మనం పట్టే కంపు దానిది కాదు, ఇథైల్ మెర్కాప్టన్‌ది, కావాలని కలుపుతారు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్‌లో న్యూ లండన్ అనే ఊరి బడిలో, వాసన లేని గ్యాస్ లీకై పేలి సుమారు 300 మంది చనిపోయారు. గ్యాస్‌కి కంపు కలపాలని చట్టాలు వచ్చింది దాని తర్వాతే. విశాఖ వాళ్లకి వాసన విలువ ఒకరు చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు ఘాటుకి, కళ్ల మంటకి లేచి పరుగెత్తినవాళ్లున్నారు. 12 మంది ప్రాణాలు పోయాయి.

వాసన రాని మనిషి ఇంట్లో ఉంటే చెయ్యాల్సినవి కొన్నే. సిలిండర్ రెగ్యులేటర్ రాత్రి కట్టేసే పని వేరొకరు చూడాలి. నిన్నటి కూర బాగుందో లేదో ఇంకొకరు చూసి పెట్టాలి. జ్వరం, దగ్గు ఉన్న రోజుల్లో వాసన వచ్చినా రాకపోయినా పల్స్ ఆక్సీమీటర్ చూడండి. 94 కన్నా తగ్గినా, ఆయాసం వచ్చినా ఆసుపత్రికి బయల్దేరండి. జబ్బు తగ్గాక కూడా నెల దాటి వాసన రాకపోతే ఊరుకోకండి. విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, చోడవరం నుంచి బస్సులున్నాయి.